ప్లైవుడ్డా, అక్రిలిక్కా, త్రీడీ ప్రింటా: కొత్త 4×5 కెమెరాకు ఏది మేలు?

లార్జ్ ఫార్మాట్‌లోకి, అంటే పెద్ద ఫిల్ము షీట్లతో తీసే ఫోటోగ్రఫీలోకి, రావాలనుకునే మిత్రులు ఏడాదిగా నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. కొత్తగా వస్తున్న 4×5 ఫీల్డ్ కెమెరాల్లో (4×5 అంగుళాల ఫిల్ము షీటు పట్టే, బయటికి మోసుకెళ్లగల కెమెరాలు) ప్లైవుడ్‌తో చేసినది మేలా, అక్రిలిక్‌తో చేసినదా, త్రీడీ ప్రింట్ చేసినదా, లేక ఇంకొంత డబ్బు కూడబెట్టుకొని కార్బన్ ఫైబర్ అడుగుతో వచ్చే చెక్క కెమెరా కొనుక్కోవడం మంచిదా? ఇటీవల నేనూ ఒకటి ఎంచుకోవలసి వచ్చింది కాబట్టి, ఆ ఎంపికకు కారణాలేమిటో వివరంగా చెబుతాను.

ఈ కెమెరాలను చేసేవారిలో ఎక్కువమంది చిన్న వర్క్‌షాపుల వారు. ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో 2014లో మొదలైన ఇంట్రెపిడ్, కిక్‌స్టార్టర్‌లో ముందుగా డబ్బు కట్టినవారి అండతో బర్చ్ ప్లైవుడ్ కెమెరాను తెచ్చి, ఆ తరువాత వాడినవారి అనుభవాన్ని బట్టి ఒక్కో మార్క్‌గా దాన్ని సవరిస్తూ వచ్చింది. అదే దేశంలో తరువాత వచ్చిన క్రోమా, లేజర్‌తో కోసిన రంగురంగుల అక్రిలిక్‌ను ఎంచుకుంది. అమెరికాలో 2013లో నిధులు సమీకరించిన ట్రావెల్‌వైడ్, లెన్సు నుంచి ఫిల్ము దాకా సాగే ముడతల గొట్టమైన బెలోస్‌నే వదిలేసి 90 మిల్లీమీటర్ల ఆంగ్యులాన్ లెన్సు చుట్టూ తేలికైన ప్లాస్టిక్ కెమెరాను రూపొందించింది. ఇలాంటి చోట్ల కొనబోయేవారి మాటకు నిజంగా విలువ ఉంటుంది. కనుక ఏది కొనాలన్న దానితో పాటు, తయారీదారు అడిగినప్పుడు ఏం కోరాలన్నదీ మనం తేల్చుకోవాలి.

అడిగితే అందరూ కోరేవి దాదాపు ఒకటే: బరువు తగ్గాలి, ధర తగ్గాలి, టిల్టు, స్వింగు, రైజు (లెన్సును వంచడం, పక్కకు తిప్పడం, పైకి జరపడం) ఎక్కువ ఉండాలి. ఇవి తప్పు కోరికలు కావు. అయితే వీటన్నిటికంటే ముందు చూడవలసినది కెమెరా వెనుకభాగమని నా నిశ్చితాభిప్రాయం. ఫోకస్ చూసుకునే గ్రౌండ్ గ్లాస్ గరుకు ముఖమూ, తరువాత దాని స్థానంలోకి వచ్చే ఫిల్ము హోల్డర్‌లో ఫిల్ము కూర్చునే తలమూ లెన్సు నుంచి సరిగ్గా ఒకే దూరంలో ఉన్నాయా లేదా? ఈ ఒక్కటి తప్పితే మిగిలిన సొగసులేవీ బొమ్మను కాపాడలేవు.

4×5 హోల్డర్‌లో ఫిల్ము లోతు 0.197 అంగుళం, అంటే 5 మిల్లీమీటర్లు; ప్రమాణం అనుమతించే తేడా అటూ ఇటూ 0.18 మిల్లీమీటరు మాత్రమే. గ్లాస్ కూడా అదే లోతులో కూర్చోవాలి. ఈ లోపం చాలాకాలం దాగి ఉండడానికి కారణం, కెమెరాలను సాధారణంగా ప్రకృతి దృశ్యాలతో, ఎఫ్/22 దగ్గర, అంటే లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, పరీక్షించడమే. ఫోకస్ తప్పిన బిందువు ఫిల్ము మీద పరుచుకునే మసక వలయం 0.1 మిల్లీమీటరు వరకు ఒప్పుకుంటే, ఎఫ్/22 దగ్గర ఫిల్ము రెండు మిల్లీమీటర్లకు పైగా అటూ ఇటూ జరిగినా బొమ్మ చెడదు. రంధ్రం పెద్దదిగా ఉండే ఎఫ్/5.6 దగ్గర ముఖచిత్రం (పోర్ట్రెయిట్) తీసినప్పుడు ఆ వెసులుబాటు అర మిల్లీమీటరుకు కుదించుకుపోతుంది.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. కొన్నేళ్ల క్రితం పాత చెక్క కెమెరా ఒకటి కొన్నాను. మా అమ్మ ముఖచిత్రాలు నాలుగు తీస్తే, నాలుగింటిలోనూ కంటికి బదులు చెవి స్పష్టంగా వచ్చింది. లూపుతో (చిన్న భూతద్దంతో) కంటి మీదే ఫోకస్ చేశానని నాకు బాగా గుర్తుంది. చివరకు విప్పి చూస్తే, మునుపటి యజమాని వెలుతురు పెరుగుతుందని లెన్సు వైపు ఒక ఫ్రెనెల్ పలకను (సన్నని గాడులతో కాంతిని వంచే పల్చటి పలకను) చొప్పించాడు. దానితో గ్లాస్ వెనక్కి జరిగింది. పలకలో కాంతి వంగడం వల్ల ఆ మందంలో మూడో వంతు సర్దుకుంటుంది కానీ, మిగిలిన రెండు వంతులూ తప్పుగానే ఉండిపోతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల పలక అంటే ఒక మిల్లీమీటరు తప్పు. ఆ నాలుగు ఫిల్ములూ అమ్మవి కావడం వల్ల ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఈ కొలబద్దతో చూస్తే తేడాలు తేటపడతాయి. త్రీడీ ప్రింటర్లు సాధారణంగా ఒక్కో పొరను 0.2 మిల్లీమీటరు మందంతో వేస్తాయి; మనకు అనుమతి ఉన్న తేడా కంటే ఒక్క పొరే ఎక్కువ. జాగ్రత్తపరుడు వెనుక చట్రాన్ని ప్రింట్ చేశాక సానబట్టి సరిచేయగలడు, కానీ ప్రతి కెమెరాకూ ఆ శ్రద్ధ దక్కుతుందన్న నమ్మకం ఉండాలి. పైగా పీఎల్ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది; మే నెలలో విజయవాడలో ఎండలో నిలిపిన కారులో అంత వేడి పుట్టడం కష్టమేమీ కాదు. కొంటే ఏబీఎస్‌తోనో నైలాన్‌తోనో చేసినదే కొనాలి.

అక్రిలిక్ ఎండకు అంత తేలికగా లొంగదు, చూడముచ్చటగానూ ఉంటుంది. ఇబ్బంది దాని మందంతో వస్తుంది. పోత అక్రిలిక్ షీటు మందం చెప్పిన కొలతకు అటూ ఇటూ మారుతూ ఉంటుంది కనుక, కోసిన పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి లోతును సాధించే పద్ధతిలో ఆ తేడాలన్నీ కలిసి గ్లాస్ దగ్గర తేలతాయి. ప్లైవుడ్ మందం కూడా మారుతుంది. అయితే చెక్కలో గానీ ప్లైవుడ్‌లో గానీ ఒకే ముఖాన్ని ఆధారంగా తీసుకొని మిల్లింగ్ యంత్రంతో గాడి తొలిస్తే, షీటు మందంతో నిమిత్తం లేకుండా లోతు సరిగ్గా వస్తుంది. అలా తొలిచిన వెనుకభాగం ఉన్నందువల్లే నేను ప్లైవుడ్ కెమెరాను ఎంచుకున్నాను. ప్లైవుడ్‌కు ఇంకో మేలుంది: డిజైన్‌లో పొరపాటు తేలితే డ్రాయింగ్ మార్చి, తరువాతి విడతను సరిచేయవచ్చు. ప్లాస్టిక్ అచ్చు ఒకసారి తయారయ్యాక మార్చడం బాగా ఖరీదైన పని కాబట్టి, మన సలహా ఎంత మంచిదైనా అక్కడ ఆలస్యమైపోతుంది.

ఇక కార్బన్ ఫైబర్ అడుగున్న చెక్క కెమెరాలు: చైనాలో తయారయ్యే చమోనీ కెమెరాలు ఇంకా గట్టివి. వాటి బెలోస్ 400 మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా సాగుతుంది. ఇంట్రెపిడ్‌ది సుమారు 300 మాత్రమే. 300 మిల్లీమీటర్ల లెన్సుతో దగ్గరి నుంచి ముఖచిత్రాలు తీసేవారికి ఈ తేడా పెద్దదే. వారు చమోనీయే తీసుకోవాలి. 150, 210 లెన్సులతో సరిపెట్టుకునేవారు ఆ డబ్బు ఫిల్ముకు పెట్టుకోవచ్చు. రెండింటికీ లిన్‌హాఫ్ అనే జర్మన్ కంపెనీ తరహా లెన్సు బోర్డులే (లెన్సును బిగించే పలకలే) సరిపోతాయి కనుక తరువాత మారినా లెన్సులు వృథా కావు. లిన్‌హాఫ్ మాస్టర్ టెక్నికా వంటి లోహపు కెమెరాలు రెండున్నర కిలోల పైమాటే. అవి ఈ పోలికలోకి రావు. గ్రాఫ్లాక్ వెనుకభాగం, అంటే గ్లాస్ చట్రాన్ని తీసి రోల్ ఫిల్ము హోల్డర్‌ను బిగించే ఏర్పాటు, ముఖ్యంగా రోల్ ఫిల్ము వాడేవారికే అవసరం.

ఇక తయారీదారులు అడిగినప్పుడు నేను కోరేది ఒక్కటే. గ్లాస్‌ను చట్రానికి అంటించేయకుండా, నాలుగు మూలల్లో పల్చటి రేకులు పెట్టి లోతు సరిచేసుకునే ఏర్పాటు ఇవ్వండి; నమూనాను వేర్వేరు కంపెనీల హోల్డర్లు ఉన్నవారికి పంపి, ఎఫ్/5.6 దగ్గర, రెండు మీటర్ల దూరంలో పరీక్షించమని అడగండి. కొనేవారు కెమెరా చేతికి రాగానే పాడైన ఫిల్ము ఒకటి హోల్డర్‌లో పెట్టి, వెర్నియర్ కాలిపర్ లోతు కడ్డీతో నాలుగు మూలలూ కొలిచి, అవే చోట్ల గ్లాస్ లోతుతో పోల్చి చూసుకోవాలి. పావు గంట పని.