రొమ్ముల్లో పాలు గడ్డకట్టినప్పుడు కాపడమా, ఐసా? పంపా, చెయ్యా?

కాన్పయిన మూడో రోజు రాత్రి నా రొమ్ములు రాళ్లలా అయిపోయాయి. చంక దాకా ఒకటే సలుపు. పాపకేమో మొన నోటికి అందక గుక్కపెట్టి ఏడుపు. అమ్మ వేడినీళ్ల కాపడం అంది, వదిన ఫోన్‌లో ఐస్ పెట్టుకోమంది, మా ఆయన పాలు తీసే పంపు ఆర్డర్ పెట్టేశారు. అన్నీ చూశాక నాకు అర్థమైంది రాస్తున్నాను.

ముందు కాపడం సంగతి. రెండో రోజుకీ ఐదో రోజుకీ మధ్య పాలు బాగా పడతాయి కదా, ఆ గట్టితనం అంతా పాలే అనుకుంటాం. కాదు, అక్కడికి రక్తం ఎక్కువగా చేరడం వల్ల, నీరు పట్టడం వల్ల వచ్చిన వాపు కూడా అందులో ఉంటుంది. వాపు మీద చాలాసేపు వేడి పెడితే ఇంకా పెరుగుతుంది, మొదటి రాత్రి నాకు జరిగింది అదే. అందుకే నా ఓటు ఐస్‌కే: పాలిచ్చాక పల్చటి గుడ్డలో చుట్టి 10-15 నిమిషాలు. బాలింతకు శీతం చేస్తుందని అమ్మ భయపడింది గానీ, అక్కడ కాసేపు చల్లగా పెట్టుకుంటే ఏమీ కాదు. వేడి అసలే వద్దని కాదు, పట్టించే ముందు రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని తడిగుడ్డ వేసుకుంటే పాలు చేపుకొస్తాయి.

ఇక పంపా, చెయ్యా? చెయ్యే. ఎంత తీస్తే అంత తయారవుతాయి పాలు. పంపుతో పూర్తిగా ఖాళీ చేస్తే ఆ క్షణానికి హాయిగానే ఉంటుంది, మర్నాటికి ఇంకా ఎక్కువ వచ్చి మళ్లీ అదే బాధ. పైగా ఆ లాగుడుకి మొన చుట్టూ నల్లటి భాగంలోకి నీరు చేరి మరింత ఉబ్బుతుంది, పాప నోటికి ఇంకా అందదు. చేత్తో అయితే బిడ్డ పట్టుకునేంత మెత్తబడే వరకు తీసి ఆపేయొచ్చు. బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద, నల్లటి భాగం అంచున పెట్టి ముందు పక్కటెముకల వైపు నొక్కి, తర్వాత వేళ్లు దగ్గరికి తేవాలి; చర్మం మీద రుద్దకూడదు, గట్టిగా పిసకనే కూడదు. నాకు అన్నిటికన్నా పనిచేసింది అంతకుముందు చేసే చిన్న పని: మొన మొదట్లో చుట్టూ వేళ్ల కొసలతో ఒక నిమిషం లోపలికి మెల్లగా నొక్కి ఉంచడం. నీరు వెనక్కి వెళ్లి మొన మెత్తబడింది, పాప వెంటనే పట్టుకుంది. తీసిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టాం. బిడ్డ ఐసీయూలో ఉన్నా, అసలు చప్పరించలేకపోయినా మాత్రం పంపు అవసరమే, రోజుకి ఎనిమిదిసార్లయినా తీయాలి.

క్యాబేజీ ఆకు చల్లగా పెడితే కొంత హాయి, తగ్గగానే తీసేయండి. మల్లెపూలు మాత్రం కట్టొద్దు! అది పాలు ఎండబెట్టడానికి వాడే పద్ధతి, 1988లో వచ్చిన ఒక అధ్యయనంలో పాలు ఆపే మాత్రతో పోల్చి చూసింది కూడా దాన్నే.

వీటన్నిటికన్నా ముందు, రోజుకి 8 నుంచి 12 సార్లు పట్టించండి, రాత్రి కూడా. 101 డిగ్రీల జ్వరం, వణుకు, ఒకచోట ఎర్రగా వేడిగా అయిందంటే ఇంట్లో చిట్కాలతో ఆగకండి, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అప్పుడు కూడా పట్టించడం మానొద్దు, ఆ పాలు బిడ్డకు చెరుపు చేయవు.