డాబా మీద 3 కిలోవాట్ల సోలార్: నాలుగేళ్లు వాడాక

ఖమ్మంలో మా డాబా మీద 2021 మే నెలలో సోలార్ పెట్టించాం. 335 వాట్ల ప్యానెళ్లు తొమ్మిది, ఒక ఇన్వర్టరు (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చేది), నెట్ మీటరు (బయటి లైన్‌కు మనం ఇచ్చిన కరెంటునూ, తీసుకున్నదాన్నీ లెక్కగట్టేది). బ్యాటరీ లేదు. పెట్టించుకున్నందుకు సంతోషంగానే ఉన్నాం, ఆ మాట ముందే చెప్తున్నాను. కానీ అమ్మినాయన వాడిన మాటలకు అర్థం అప్పుడే తెలిసుంటే మొదటి ఏడాది అంత కంగారు పడేవాళ్లం కాదు.

అసలు తికమకంతా కిలోవాటుకీ యూనిట్‌కీ మధ్యనే. కిలోవాటంటే ఆ క్షణాన ఎంత జోరుగా కరెంటు వస్తోందన్న లెక్క. బిల్లులో పడేది యూనిట్. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్ కాలినట్టు. 75 వాట్ల ఫ్యాను ఒక యూనిట్ కాల్చాలంటే పదమూడు గంటలకు పైగా తిరగాలి. ఒకటిన్నర టన్ను ఏసీ ఆగకుండా నడిస్తే గంట కూడా పట్టదు. మా 3 కిలోవాట్లకు ఏడాది మొత్తం మీద రోజుకు సగటున 12 యూనిట్లు వస్తున్నాయి. మార్చిలో 14 దాకా వెళ్తుంది, శ్రావణంలో ముసురు పట్టిన రోజున 4 దాటదు.

మే నెల ఎండకు దంచి కొడుతుందనుకున్నాను. మిట్టమధ్యాహ్నం ఇన్వర్టరు తెర మీద 2,400 వాట్లే కనబడేసరికి మోసపోయామనే అనిపించింది. ప్యానెల్ మీద రాసి ఉండే 335 వాట్లు, చదరపు మీటరుకు వెయ్యి వాట్ల ఎండలో, ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిచినవి. మా ఊరి వేసవిలో ప్యానెల్ 65 డిగ్రీలకు కాలిపోతుంది. 25 దాటాక ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం తగ్గుతుంది, అంటే 16 శాతం అక్కడే పోయింది. సోలార్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు.

ఆ మే నెలలోనే ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. అమ్మ వసారాలోకి వచ్చి, "నడినెత్తిన ఎండ మండిపోతుంటే ఫ్యాను ఆగడమేంట్రా? ఇంత డబ్బు పోసి పెట్టించింది దేనికి?" అంది. నా దగ్గర జవాబు లేదు. లైన్లో కరెంటు పోగానే మాలాంటి ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోవాలి. ఆగకపోతే మన డాబా మీది కరెంటు లైన్లోకి ఎక్కి, స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మ్యాన్ ప్రాణం మీదికి వస్తుంది. కారణం న్యాయమైనదే. అమ్మేటప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పకపోవడమే నాకు ఇప్పటికీ కోపం. కరెంటు పోయినప్పుడు కూడా ఫ్యాను తిరగాలంటే బ్యాటరీ పెట్టే హైబ్రిడ్ ఇన్వర్టరు అడగండి.

నెట్ మీటరు కూడా అలాగే అనుమానం పెట్టింది. ఒక నెల ఇన్వర్టరు 380 యూనిట్లు తయారైనట్టు చూపింది, మీటరులో ఎక్స్‌పోర్టు (లైన్‌కు పంపింది) 250 మాత్రమే. మిగతా 130 ఏమైనట్టు? పగలు మేం వాడుకున్నవే. అవి మీటరు దాకా పోకుండా ఇంట్లోనే ఖర్చయిపోతాయి. ఆ నెల రాత్రుళ్లు లైన్ నుంచి తీసుకున్నవి 270, కాబట్టి బిల్లు 20 యూనిట్లకే వేశారు. బిల్లు సున్నా అవుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, స్థిర చార్జీలు ఎలాగూ ఉంటాయి.

వోల్టులు, ఆంపియర్ల సంగతి తెలుసుకోవడం జాగ్రత్త కోసమైనా అవసరం. మా తొమ్మిది ప్యానెళ్లూ ఒకదాని వెనక ఒకటి, ఒకే వరసగా కలిపి ఉన్నాయి. అలా కలిపితే వోల్టులు కూడుకుంటాయి, ఆంపియర్లు మాత్రం పెరగవు. ఒక్కోటి 38 వోల్టుల చొప్పున 340 దాకా డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) వస్తుంది, దాన్ని ఇన్వర్టరు ఇంటికి కావలసిన 230 వోల్టుల ఏసీ కరెంటుగా (దిశ మారుతూ పారేది) మారుస్తుంది. ఇన్వర్టరు కట్టేసినా, ఎండ ఉన్నంతసేపు పైనుంచి దిగే తీగల్లో ఆ వోల్టులు ఉంటాయి. పగటిపూట ఆ కనెక్టర్లు మీరే ఊడదీయొద్దు. దుమ్ము కడగడమైనా తెల్లవారుజామునే చేయండి, కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టపోయింది నీడ వల్ల. బిగించింది మేలో, సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీళ్ల ట్యాంకు నీడ దాని కిందే పడి ఉంది. డిసెంబరు వచ్చేసరికి పొద్దు దక్షిణానికి వాలింది, ఆగ్నేయంలో ఉన్న ట్యాంకు నీడ పదింటిదాకా రెండు ప్యానెళ్ల మీద పరుచుకునేది. వరసలో ఒకే కరెంటు అన్నిట్లోంచీ పోవాలి, నీడలో ఉన్నది దారికి అడ్డం పడుతుంది. ప్యానెల్ వెనక పెట్టెలో ఉండే బైపాస్ డయోడ్లు పక్కదారి ఇవ్వబట్టి వరసంతా ఆగిపోలేదు గానీ, 1,500 వాట్లు రావలసిన వేళ వెయ్యే వచ్చేవి. మూడు చలికాలాలు అలాగే గడిచాయి. పోయిన ఏడాది ప్లంబర్ని పిలిచి ట్యాంకును ఉత్తరం వైపు, బాత్రూం మీదికి మార్పించాం. డిసెంబరులో పొద్దున్నే పైకెక్కి చూస్తే తొమ్మిది ప్యానెళ్ల మీదా ఎండే. పదింటికి తెర మీద 1,480 కనబడింది.