చీరాల పక్కన సరుగుడు కట్టెలు: తూకంలో నిజాయితీ, డెలివరీలో బద్ధకం

చీరాల, వేటపాలెం చుట్టుపక్కల క్యాటరింగ్ చేసేవాళ్లు, బిర్యానీ పాయింట్లు నడిపేవాళ్లు, కట్టెల పొయ్యి మీద స్వీట్లు వండి అమ్మేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం రాస్తున్నా. ఇది అడితి (కట్టెల డిపో) కాదు, బోర్డు లేదు, ఫోన్ మ్యాప్‌లో వెతికినా దొరకదు. వాడరేవు వైపు ఇసుక నేలల్లో ఒకాయనకు సొంత సరుగుడు తోట ఉంది. పొద్దున, సాయంత్రం స్కూలు బస్సు నడుపుతాడు, మధ్యలో ఖాళీ దొరికినప్పుడు, సెలవుల్లో తోటలో పని చేసుకుని, తెగిన కట్టెలు చుట్టుపక్కల ఊళ్లకే అమ్ముతాడు. పేరు రాయొద్దన్నాడు, ఇప్పటికే ఫోన్లు ఎక్కువయ్యాయట.

ముందు సరుకు సంగతి. నిటారుగా ఉన్నవి బాదులుగా (పొడవాటి గుంజలుగా) పందిళ్లకు, సెంట్రింగ్‌కు పోతాయి, లావువి టన్నుల లెక్కన పేపరు మిల్లుకు పోతాయి, వంటకు వచ్చేది ఆ తర్వాత మిగిలిందే. అంటే కొసలు, వంకర కర్రలు, నేలలోంచి తవ్వి తీసిన మొద్దులు. జామాయిల్, సుబాబుల్ కొట్టేసినా మోడు మళ్లీ చిగురేస్తుంది, సరుగుడు అలా సరిగ్గా రాదు, అందుకని మొద్దు పెకలించి కొత్త మొక్కలు నాటుకోవాలి. నాకు కావాల్సింది ఆ మొద్దులే. చీల్చాలంటే ప్రాణం పోతుంది గానీ ఒకసారి అంటుకున్నాయంటే బొగ్గు గట్టిగా నిలుస్తుంది. దమ్ము పెట్టినప్పుడు మూత మీద పోసిన నిప్పులు బిర్యానీ దించేదాకా ఎర్రగానే ఉంటాయి, మధ్యలో లేచి మళ్లీ నిప్పులు ఎత్తిపోసే పని ఉండదు. మామిడి కట్టెతో ఇది కుదరదు, పొగ ఒకటి, తొందరగా బూడిదైపోవడం ఒకటి.

ఇప్పుడు అసలు విషయం. సరుగుడుకు ఒక గుణం ఉంది, పచ్చిది పెట్టినా మండుతుంది. మంచి గుణమే, కానీ అమ్మేవాళ్లకు ఇదే సాకు. "పచ్చిదైనా మండుద్ది లెండి సార్" అని నిన్న కొట్టినవాటిని ఇవాళ కాటా వేసి పంపేస్తారు. ఇంతకుముందు మేము కొన్న ఒక అడితిలో (పేరెందుకులెండి) వానాకాలం వచ్చిందంటే ఇదే తంతు, అడిగితే పైన వాన పడిందంతే, లోపల ఎండే ఉంది అనేవాడు. లెక్క చూడండి. బరువులో 40 శాతం తడి ఉన్న క్వింటా కట్టెలు 20 శాతానికి ఎండితే తూగేది 75 కిలోలే. పాతిక కిలోల నీళ్లకు డబ్బులు కట్టి మోయించుకుని తెచ్చుకోవడం, మళ్లీ ఆ నీళ్లు ఆవిరి కావడానికి మన కట్టెలే తగలబెట్టుకోవడం, పైగా గిన్నెల అడుగున మసి, వంట మాస్టారి కళ్ల మంట.

ఈయన దగ్గర ఆ బాధ లేదు. సంక్రాంతి దాటాక కొట్టి, కింద రెండు వరసల మొద్దులు పరిచి వాటి మీద అడ్డంగా నిలువుగా పేరుస్తాడు, గాలి అటూ ఇటూ ఆడేలా. వేసవంతా ఎండిన తర్వాతే అమ్మకం. నేను వెళ్లినప్పుడు ఒక కర్ర తీసి చివర చూపించాడు, నడిమి నుంచి బెరడు దాకా పగుళ్లు విచ్చుకుని ఉన్నాయి, గోరు పెడితే బెరడు పెచ్చులుగా ఊడొచ్చింది. ఇంకో కర్ర తీసుకుని రెండూ కొడితే టంగుమని మోగాయి. పచ్చివాటిని కొడితే దబ్‌మని చప్పుడొస్తుంది, అదీ వినిపించాడు. ఎక్కడ కొన్నా డబ్బులిచ్చేముందు ఈ పరీక్ష చేసుకోండి, మిషన్లేం అక్కర్లేదు. పొయ్యిలో పెట్టాక రెండో చివర నురగ కక్కిందంటే మాత్రం మిమ్మల్ని ముంచేశారనే అర్థం.

ధర మాకు కిలో 7 రూపాయలు పడింది, దింపుడు కూలి వేరే. బయటకంటే రూపాయి ఎక్కువే. ఎండు కట్టె కాబట్టి గిట్టుబాటే అని నా లెక్క. అయితే గ్యాస్ మానేసి కట్టెలకు వస్తే బోలెడు మిగులుతుందని అనుకునేవాళ్లకు ఒక మాట. మూడు రాళ్ల పొయ్యిలో వేడిలో ఎక్కువ భాగం గాలికే పోతుంది, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ చేసే పనికి సుమారు 200 కిలోల కట్టె పడుతుంది. 1,400 రూపాయలు అక్కడే అయిపోయాయి, కూలి, బూడిద ఎత్తడం, పొగ అదనం. గాలి అందేలా కట్టిన పొయ్యి, దాని మీద గిన్నె సరిగ్గా కూర్చోవడం ఉంటేనే కట్టెలు నిజంగా చవక. మేము కట్టెలు వాడేది బిర్యానీకి, పెద్ద గుండిగల్లో చేసే పప్పు, సాంబారుకు మాత్రమే, టిఫిన్లకు గ్యాసే.

లోపాలు చెప్పకపోతే రివ్యూ ఎలా అవుతుంది. పగలు ఫోన్ ఎత్తడు, బస్సులో ఉంటాడు, తోటలో ఉంటే రంపం చప్పుడుకు వినపడదు. రేపు పెళ్లి, ఇవాళ రెండు టన్నులు పంపు అంటే కుదరదని మొహం మీదే చెప్తాడు. మాకు ఒకసారి ఆదివారం వస్తానని బుధవారం వచ్చాడు, ఆ ఫంక్షన్ మొత్తం గ్యాస్ మీద లాగించాం, టెన్షన్ అంతా ఇంతా కాదు. ట్రాలీ ఆటో నిండా తీసుకుంటేనే ఇంటికి పంపుతాడు, తక్కువైతే మనమే వెళ్లి తెచ్చుకోవాలి. పొడవులు కూడా ఒక కొలత ఉండదు, మా పొయ్యి నోటికి పట్టేవి సగమే, మిగతావి ఇంటి దగ్గర మళ్లీ కోయించాం. ముందే కొలత చెప్తే కోసిస్తాడట, అడగనిదే చెప్పడు, అదీ ఆయన వరస.

తూకం గురించి మాత్రం అనుమానం పెట్టుకోవద్దు. ఖాళీ ఆటో ఒకసారి, లోడుతో ఒకసారి వేబ్రిడ్జి మీద పెట్టి రెండు చీటీలూ చేతికిస్తాడు. అంటించుకోవడానికి ఎండిన సరుగుడు ఆకు ఒక గోతం అడిగితే ఊరికే వేస్తాడు, చిన్న చిన్న కాయలు కూడా అందులోనే వస్తాయి, కిరసనాయిలు లేకుండా పొయ్యి రాజుకుంటుంది.

పర్మిట్ల గొడవ గురించి కొందరు అడుగుతున్నారు. సొంత తోటలో పెంచిన సరుగుడుకు అటవీ శాఖ రవాణా పర్మిట్ అక్కర్లేదు. వేప, చింత కట్టె చవగ్గా ఇస్తామని ఎవరైనా వస్తే మాత్రం ఎక్కడ కొట్టారో అడగండి, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం ఆ చెట్లు కొట్టడానికి ముందుగా అనుమతి ఉండాలి.

అయిదుకు నాలుగు ఇస్తున్నా, ఆ ఒకటి ఫోన్ ఎత్తనందుకు కోత. కావాల్సినవాళ్లు రాత్రి ఏడు దాటాక చేయండి, పొయ్యి నోటి కొలత, మొద్దులా కర్రలా అన్నది మొదటే చెప్పండి. ఆషాఢంలో తీసుకుంటే మేలు, పెళ్లిళ్లుండవు కాబట్టి ఆయనకు తీరిక, వేసవిలో ఎండిన సరుకు అప్పటికి నిండుగా ఉంటుంది. శ్రావణం వచ్చిందంటే మొద్దులు అయిపోయి కొసలే మిగులుతాయి.