తయారు తూటాలా, రీలోడింగ్ సామానా? కొరత రాకముందు ఏది కొనిపెట్టుకోవడం మేలు

2020 మార్చి మూడో వారంలో మా ఊరి తుపాకుల దుకాణానికి వెళ్తే తూటాల అరలన్నీ బోసిగా ఉన్నాయి. మిగిలిన కాసిన్ని పెట్టెల దగ్గర మనిషికి రెండు చొప్పునే ఇస్తామని కాగితం అంటించారు. నేను డాలస్ శివారులో ఉంటాను. అప్పటికి మూడేళ్లుగా నెలనెలా పిస్టల్ మ్యాచ్‌లకు వెళ్తున్నాను. ఒక్క మ్యాచ్‌కి 150 రౌండ్లు (తూటాలు) కావాలి. ఆ రోజు ఇంట్లో ఉన్నవి 200. కంగారులో ఒక గన్ షోకి (తుపాకుల సంతకి) వెళ్లి, ఏడాది ముందు 20 సెంట్లు కూడా లేని 9 ఎంఎం పిస్టల్ రౌండుకి 70 సెంట్లు పెట్టి కొన్నాను. అది నాకు ఇప్పటికీ బాధే.

అందుకే గ్రీన్‌కార్డు వచ్చాక కొత్తగా షూటింగ్ మొదలుపెట్టిన మనవాళ్లు "అన్నా, తూటాలు కేసులకి కేసులు కొనిపెట్టుకోమంటావా, ప్రెస్ (తూటాలు బిగించే చేతి యంత్రం) కొనుక్కుని ఇంట్లోనే చేసుకోమంటావా?" అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. మీరు ఏ తుపాకీతో కాలుస్తారు, ఏడాదికి ఎన్ని కాలుస్తారు అన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

దానికంటే ముందు చట్టం సంగతి. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీనే కాదు, ఒక్క తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు, మరికొందరికి మినహాయింపు ఉంది. కానీ దాన్ని నమ్ముకుని అడుగు వేసే ముందు లాయరుని కలవండి. మీకు గ్రీన్‌కార్డు ఉండి, మీ ఇంట్లోనే వీసా మీద ఉన్న తమ్ముడో బావమరిదో ఉంటే, తూటాలు తాళం వేసిన పెట్టెలో ఉండాలి, ఆ తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. ఇమిగ్రేషన్ విషయంలో ఈ ఒక్క పొరపాటు జీవితాన్నే మార్చేస్తుంది.

ఇక అసలు విషయం. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి తొడుగు (అందరూ బ్రాస్ అంటారు), అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల పౌడర్, ముందు బుల్లెట్. మనం మాటల్లో మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం కానీ, రీలోడింగ్ చేసేవాళ్లకు బుల్లెట్ అంటే ఎగిరిపోయే ఆ సీసం ముక్క ఒక్కటే. కాల్చాక బ్రాస్ మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, సైజు సరిచేసి, మిగతా మూడూ కొత్తవి పెట్టుకోవడమే రీలోడింగ్. కారం ప్యాకెట్ కొనుక్కోవడానికీ, ఎండు మిరపకాయలు తెచ్చి మరపట్టించుకోవడానికీ ఉన్న తేడా లాంటిదే ఇది. మిరపకాయలు దొరకని ఏడాది మర ఉండి ఏం లాభం? రీలోడింగ్ గురించి చాలామంది మర్చిపోయేది ఇదే.

కొరత వస్తే ముందు మాయమయ్యేది ఏది?

గత ఇరవై ఏళ్లలో అమెరికాలో పెద్ద కొరతలు మూడు వచ్చాయి. ఒబామా గెలిచాక 2008-09లో, శాండీ హుక్ బడిలో కాల్పుల తర్వాత 2013లో, కోవిడ్‌తో 2020లో. 2013లో అన్నిటికంటే చవకైన .22 తూటాలే దొరకలేదు, వాటి కొరత తీరడానికి ఏళ్లు పట్టింది. 2020 దెబ్బ ఇంకా పెద్దది. 2019లో తుపాకుల కోసం ఎఫ్‌బీఐ దగ్గరికి వచ్చిన నేపథ్య తనిఖీలు దాదాపు 2 కోట్ల 84 లక్షలైతే, 2020లో అవి 3 కోట్ల 97 లక్షలకు చేరాయి. లక్షల మంది కొత్తవాళ్లు మొదటిసారి తుపాకీ కొని, దానితోపాటు రెండేసి పెట్టెల తూటాలు అడిగారు. అదే ఏడాది జులైలో తుపాకులు, తూటాల కంపెనీ రెమింగ్టన్ దివాలా పిటిషన్ వేసింది. ఆర్కన్సాలోని లోనోక్‌లో ఉన్న దాని తూటాల ఫ్యాక్టరీ విస్టా ఔట్‌డోర్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. మరుసటి ఏడాది, రష్యా ప్రతిపక్ష నేత నవాల్నీపై విషప్రయోగం వ్యవహారంలో రష్యా తూటాల దిగుమతికి కొత్త పర్మిట్లు ఆపేశారు. స్టీల్ తొడుగుల చవక తూటాలు వచ్చే దారి అలా మూసుకుపోయింది.

రీలోడింగ్ చేసేవాళ్లకు కొరత బాధ ఉండదని అప్పట్లో నేనూ అనుకునేవాణ్ని. జరిగింది వేరు. తూటాల అరలు ఖాళీ అయిన వారాల్లోనే ప్రైమర్లూ పోయాయి. తూటాలు తిరిగి కనబడ్డాక కూడా చాలాకాలం ప్రైమర్లు రాలేదు. కారణం తెలుసుకుంటే ఆశ్చర్యం అనిపించదు. దేశంలో పేరున్న ప్రైమర్ బ్రాండ్లు నాలుగే: సీసీఐ, ఫెడరల్, వించెస్టర్, రెమింగ్టన్. లోనోక్ ఫ్యాక్టరీ చేతులు మారాక మొదటిదీ రెండోదీ నాలుగోదీ ఒకే యజమాని కిందికి వచ్చాయి. 2024 నవంబర్ నుంచి ఆ మూడూ చెక్ దేశానికి చెందిన సీఎస్‌జీ అనే కంపెనీ చేతిలో ఉన్నాయి. తమ తూటాలకే ప్రైమర్లు చాలనప్పుడు ఏ కంపెనీ అయినా విడిగా మనకెందుకు అమ్ముతుంది? పైగా ప్రైమర్ తయారీ ప్రమాదంతో కూడిన పని. రెండేళ్ల గిరాకీని చూసి కొత్త లైన్ వేయడానికి ఎవరూ తొందరపడరు. 2019లో వెయ్యికి 30, 35 డాలర్లున్న ప్రైమర్లు 2021లో 100 డాలర్లు దాటాయి. అది కూడా దొరికినవాళ్లకే.

పౌడర్ కథ వేరు. ఇక్కడ దెబ్బ కొట్టింది యుద్ధం. పొగలేని మందుకు (మన పౌడర్ అదే) మూలం నైట్రోసెల్యులోజ్, దానికి మూలం పత్తి. ఆదిలాబాద్, గుంటూరు జిన్నింగ్ మిల్లుల పక్కన పెరిగినవాళ్లకు లింటర్స్ అంటే తెలిసే ఉంటుంది. పత్తి తీశాక గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు అది. ఫిరంగి గుండ్లకూ మన పౌడర్ డబ్బాకూ ముడిసరుకు అదే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 155 ఎంఎం గుండ్లకు గిరాకీ పెరిగి, ఆ ఒత్తిడి మెల్లగా మన దాకా వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా పౌడర్ కొరత రాబోతోందని చెబుతూ విస్టా 2024 జనవరి నుంచి ధరలు పెంచింది. ఈ కొరత మన దుకాణాల్లో గుంపులు కొనడం వల్ల వచ్చింది కాదు, కాబట్టి గుంపులు తగ్గినంత మాత్రాన తీరదు.

డబ్బు లెక్క

ఈ మధ్య నేను కొన్న ధరలనే చెప్తాను. మీ ఊళ్లో కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

9 ఎంఎం తయారు తూటాలు వెయ్యి ఉండే కేసు పన్నుతో కలిపి 240 డాలర్ల దగ్గర పడింది. అదే వెయ్యి ఇంట్లో చేసుకుంటే ప్రైమర్లకు 75, బుల్లెట్లకు 95, పౌడర్‌కు 30, మొత్తం 200. బ్రాస్ పాతదే కాబట్టి ఖర్చు లేదు. మిగిలేది 40 డాలర్లు. ప్రైమర్లూ పౌడరూ ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ప్రతి ఆర్డర్‌కీ ప్రమాదకర సరుకు రుసుము వేరే పడుతుంది. మంచి ప్రోగ్రెసివ్ ప్రెస్ (ఒక్కో లాగుకి ఒక తూటా పూర్తిచేసేది), డైలు (తొడుగు సైజు సరిచేసే అచ్చులు), త్రాసు కలిపి వెయ్యి డాలర్లకు పైమాటే. అంటే పెట్టుబడి తిరిగి రావాలంటే పాతికవేల రౌండ్లు చేయాలి. నాలాగా ఏడాదికి 4,200 కాల్చే మనిషికి ఆరేళ్లు. డబ్బు ఆదా చేద్దామని 9 ఎంఎం కోసం ప్రెస్ కొనేవాళ్లను నేను వద్దనే అంటాను.

రైఫిల్ దగ్గరికి వస్తే లెక్క తిరగబడుతుంది. 6.5 క్రీడ్‌మోర్ అనే దూరం రైఫిల్ సైజులో మ్యాచ్ (పోటీ) తూటా ఒక్కోటి 1 డాలర్ 60 సెంట్ల దాకా ఉంది. ఇంట్లో చేసుకుంటే బుల్లెట్ 45 సెంట్లు, ప్రైమర్ 8, పౌడర్ 29, మొత్తం 82. సగం ధరే. పైగా మీ తుపాకీ గొట్టానికి ఏ బరువు బుల్లెట్ నప్పుతుందో చూసుకుని చేసుకుంటారు కాబట్టి, దూరం గురిలో తేడా కళ్లకు కనబడుతుంది. ఏడాదికి వెయ్యి కాల్చేవాళ్లకు మామూలు సింగిల్ స్టేజ్ కిట్ (ఒకసారికి ఒక్క దశే చేసే ప్రెస్) మొదటి ఏడాదిలోనే గిట్టుబాటవుతుంది.

ఏది దాచుకోవాలో తేల్చే ఇంకో తేడా ఉంది. ఒక పౌండ్ పౌడర్ అంటే 7,000 గ్రెయిన్లు (చిన్న తూకం కొలత). 9 ఎంఎంకి నాలుగైదు గ్రెయిన్లు చాలు కాబట్టి ఒక పౌండుతో దాదాపు 1,500 వస్తాయి. 6.5 క్రీడ్‌మోర్‌కి నలభైకి పైగా పోతాయి, పౌండుకి 160 దాటడమే కష్టం. పిస్టల్ మనిషికి కొరతలో గొంతు పట్టుకునేది ప్రైమర్, రైఫిల్ మనిషికి పౌడర్. ఇది తెలియక నేను మొదట్లో 9 ఎంఎం కోసం ఎనిమిది పౌండ్ల డబ్బా కొని, ప్రైమర్లు మాత్రం వెయ్యే తెచ్చుకున్నాను. ఆ ఎనిమిది పౌండ్లకు సరిపడాలంటే పన్నెండు వేల ప్రైమర్లు కావాలి!

.22 కాల్చేవాళ్లకు ఈ చర్చే అక్కర్లేదు. అది రిమ్‌ఫైర్, అంటే నిప్పు రాజేసే మందు తొడుగు అంచులోనే ఉంటుంది, దాన్ని మామూలుగా రీలోడ్ చేయలేం. చవకగా ఉన్నప్పుడు ఇటుక (బ్రిక్ అనే పెద్ద పెట్టె) చొప్పున కొనిపెట్టుకోవడమే.

ఇంట్లో పెట్టుకునే సంగతి

ఇక్కడ తయారు తూటాలదే పైచేయి, అనుమానం లేదు. చల్లగా, పొడిగా ఉంచితే దశాబ్దాలపాటు ఉంటాయి. టెక్సస్ ఎండలో గ్యారేజీ మాత్రం వద్దు. ఏసీ ఉండే గదిలో, తాళం ఉన్న అలమరాలో పెట్టండి. పెట్టె మీద కొన్న తేదీ రాసి, పాతవి ముందు కాల్చండి.

పౌడర్, ప్రైమర్లు అలా కాదు. ఎన్ఎఫ్‌పీఏ 495 అనే అగ్ని భద్రతా ప్రమాణం ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల వరకు పౌడర్ దాని అసలు డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు. అది దాటి 50 పౌండ్ల వరకు అయితే అంగుళం మందం చెక్క పెట్టెలో పెట్టాలి. ప్రైమర్లు పదివేలు మించకూడదు. స్థానిక ఫైర్ కోడ్, అపార్ట్‌మెంట్ లీజు, ఇంటి ఇన్సూరెన్స్ ఇంతకంటే గట్టిగా ఉండొచ్చు, చదువుకోండి. ప్రైమర్లను ఎప్పుడూ సీసాలో పోసి పెట్టకండి. ఒకటి పేలితే అన్నీ ఒక్కసారే పేలతాయి. వాటి పెట్టెలో గదులు గదులుగా పెట్టేది అందుకే. పౌడర్‌ను ఇనుప గన్ సేఫ్‌లో బిగించకండి. నిప్పు తగిలితే పలచటి డబ్బా చీలి మంట బయటికి పోవాలి, బిగించిన ఇనుములో ఆ దారి ఉండదు. పుల్లటి వాసన గానీ ఎర్రటి పొగ గానీ వస్తే ఆ పౌడర్ పాడైపోయినట్టే.

సీసం గురించి మనవాళ్ల ఇళ్లలో ఎవరూ మాట్లాడరు, అందుకే నొక్కి చెప్తున్నాను. కాల్చిన బ్రాస్‌ను శుభ్రం చేసేటప్పుడు లేచే దుమ్ములో సీసం ఉంటుంది. ఇంట్లో పాకే వయసు పిల్లలుంటే రీలోడింగ్ బల్లను వంటింటి దరిదాపుల్లో పెట్టకండి, అక్కడ తినకండి, పని అవగానే చేతులు సబ్బుతో కడుక్కుని బట్టలు మార్చుకోండి.

పని మీద ధ్యాస కూడా కావాలి. ఒక తొడుగులో పౌడర్ రెండుసార్లు పడితే తుపాకీ పగిలిపోవచ్చు. అసలు పడకపోతే బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుంటుంది, ఆ వెనకే ఇంకోటి కాలిస్తే చేతికే ప్రమాదం. అచ్చయిన రీలోడింగ్ మాన్యువల్ తప్ప ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పిన కొలతలు నమ్మొద్దు. ఆఫీసు టెన్షన్‌తో, రాత్రి పదింటికి, ఇండియా ఫోన్ మాట్లాడుతూ చేసే పని కాదిది. నేనైతే ఆదివారం ఉదయం, ఫోన్ పక్క గదిలో పడేసి చేస్తాను. మనసు నిలవని రోజు బల్ల ముట్టుకోను.

తయారు తూటాలైనా ఇంట్లో చేసినవైనా, ఇండియా ప్రయాణానికి రేంజ్ బ్యాగు (కాల్చే చోటికి తీసుకెళ్లే సంచి) వాడకండి. ఏదో జేబు మూలలో ఒక్క రౌండు ఉండిపోయి హైదరాబాద్ విమానాశ్రయంలో స్కానర్‌కి దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. రేంజ్ బ్యాగు రేంజ్‌కే ఉండాలి.

నేను చెప్పేది

నెలకు ఒకటి రెండుసార్లు పిస్టల్ కాల్చేవాళ్లు తయారు తూటాలే కొనండి. మీ ఏడాది వాడకం లెక్కేసుకుని, అంత నిల్వ చేరేదాకా రెండు నెలలకో కేసు తెచ్చుకోండి. మా అమ్మ వేసవిలో ఏడాదికి సరిపడా చింతపండు, మిరపకాయలు, కందిపప్పు తీసి పెట్టేది. ధర దిగిన కాలంలో, ఇంటికి పట్టినంతే. తూటాలకూ అంతే. ఎన్నికల ఏడాది వేసవి దాకా ఆగకండి. వార్తల్లో కొరత అన్న మాట వినబడ్డాక అసలు కొనకండి, ఆ నెలల్లో మీరు తెచ్చే ప్రతి కేసూ నిజంగా అవసరమైన ఇంకొకరికి అందకుండా పోతుంది. 2020 మార్చిలో ఆ ఇంకొకరిని నేనే.

దూరం రైఫిల్ పోటీలకు వెళ్లేవాళ్లు, లేదా చేత్తో చేసే ఈ పని నిజంగా ఇష్టమైనవాళ్లు ప్రెస్ కొనండి. కానీ ప్రెస్ కొన్న రోజే వెయ్యి ప్రైమర్లు, ఎనిమిది పౌండ్ల డబ్బా ఒకటి, వెయ్యి బుల్లెట్లు తెచ్చుకోండి. 6.5 క్రీడ్‌మోర్‌కి ఈ మూడూ దాదాపు ఒకేసారి అయిపోతాయి, పౌడరే కాస్త మిగులుతుంది. సామాను లేకుండా ప్రెస్ ఒక్కటే ఉంటే కొరతలో అది అక్కరకు రాదు.

ఇంకా తేల్చుకోలేనివాళ్లు ఇత్తడి తొడుగులున్న తూటాలే కొని, రేంజ్ వాళ్లు ఒప్పుకుంటే కాల్చాక తొడుగులు ఏరి ఇంటికి తెచ్చుకోండి. ఒక బకెట్ చాలు. నా దగ్గర అలా మూడేళ్లలో ఆరువేలు పోగయ్యాయి. మొన్న మా ఊళ్లో కొత్తగా రీలోడింగ్ మొదలుపెట్టిన తమ్ముడొకడు వస్తే వాటిలో సగం అతనికే ఇచ్చేశాను.