మూడు మీటర్ల సెట్టు: మీటర్లు మంచివే, ప్లాస్టిక్ పైపు మాత్రం వాడకండి

పాత డోజర్లు, రోడ్ రోలర్లు, మాసీ 1035 వంటి ట్రాక్టర్లలో డ్యాష్‌బోర్డు మీటర్లు పోతే చాలామంది తెచ్చుకునేది ఆటో స్పేర్ పార్ట్స్ కొట్లో దొరికే మూడు మీటర్ల సెట్టునే. ఒకే రేకు ప్లేటు మీద ఆయిల్ ప్రెషర్, నీళ్ల టెంపరేచర్, ఆంపియర్ మీటర్లు ఉంటాయి. ఒక్కోదానికి 52 మి.మీ. బెజ్జం కావాలి. ఆయిల్, టెంపరేచర్ మీటర్లు కరెంటుతో పని లేకుండా నడుస్తాయి కాబట్టి వైరింగు పాడైన బండికి ఇంతకంటే నమ్మకమైనది లేదు.

తెచ్చిన రోజే బిగించకండి, ముందు పరీక్షించండి. టెంపరేచర్ మీటరు తీగ చివర వేడిని పసిగట్టే లోహపు బల్బును మరిగే నీళ్లలో ముంచితే కోస్తా ఊళ్లలో ముల్లు 100 డిగ్రీల దగ్గర నిలవాలి. హైదరాబాద్ ఎత్తులో నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి, అక్కడ రెండు డిగ్రీలు తగ్గితే మీటరు తప్పు కాదు. ఈ మీటరు అంకెలు కింద ఇరుగ్గా, పైకి పోయేకొద్దీ ఎడంగా ఉంటాయి. లోపలి ద్రవం ఆవిరి ఒత్తిడి వేడితో పాటు అలాగే పెరుగుతుంది. ఆయిల్ మీటరును పంక్చర్ షాపు కంప్రెసరుకు కలిపి, వాళ్ల గేజితో పోల్చితే చాలు. ఒక కిలో (చదరపు సెంటీమీటరుకు) అంటే సుమారు 14 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు).

అసలు లోపం సెట్టుతో వచ్చే సన్నని నైలాన్ పైపులో ఉంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ అందులో వేడి ఆయిల్ ప్రెషరుతో నిలబడి ఉంటుంది. సైలెన్సర్ మానిఫోల్డుకు తగిలితే మెత్తబడి ఫెర్రూల్ (నట్టు లోపల పైపును బిగించి పట్టే రింగు) దగ్గర జారిపోతుంది. అప్పుడు ఆయిల్ చిమ్మేది ఎర్రగా కాలిన మానిఫోల్డు మీదికే. అది పక్కన పెట్టి 1/8 అంగుళం రాగి పైపు కొనండి.

రాగికీ ఒక బలహీనత ఉంది. అదురుకు గట్టిపడి, నట్టు పక్కనే వెంట్రుకంత పగులు వస్తుంది. అందుకే ఇంజిన్ వైపు రెండు మూడు చుట్లు స్ప్రింగులా చుట్టి వదలాలి, మిగతా పైపును జానెడుకో క్లిప్పు వేసి కట్టాలి, రేకులోంచి పోయే చోట రబ్బరు గ్రామెట్ పెట్టాలి. గట్టిపడిన రాగిని ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. పైపును హాక్సా బ్లేడుతో కాకుండా ట్యూబ్ కట్టరుతో తెంచి, అంచు గీకి, అడుగుకంటా దూర్చాకే నట్టు ఎక్కించండి. చేత్తో బిగిసినాక స్పానరుతో దాదాపు ఒక చుట్టు. మీటరు వెనక కాడను రెండో స్పానరుతో పట్టుకోకపోతే అది లోపల తిరిగి మీటరే పోతుంది.

బ్లాకు వైపు థ్రెడ్ చూసుకోండి. 1/8 ఎన్‌పీటీకి (అమెరికన్ పైపు థ్రెడ్) అంగుళానికి 27 థ్రెడ్లు, 1/8 బీఎస్‌పీకి (బ్రిటిష్ పైపు థ్రెడ్) 28. ఒకదానిలో మరొకటి రెండు చుట్లు హాయిగా ఎక్కి ఆ తర్వాత పట్టేస్తుంది. బలవంతం చేస్తే బ్లాకు థ్రెడ్డే పోతుంది. టెఫ్లాన్ టేపును మొదటి రెండు థ్రెడ్లు వదిలి చుట్టండి, లేకపోతే ముక్క ఊడి పైపులో అడ్డం పడుతుంది. ఫెర్రూల్ మీద టేపు అసలే వద్దు.

టెంపరేచర్ మీటరు కేపిల్లరీ తీగను (బల్బును మీటరుకు కలిపే సన్నని బోలు గొట్టం) కత్తిరించకూడదు, అతకకూడదు. విరిగితే లోపలి ఆవిరి పోయి ముల్లు కిందికి పడిపోతుంది, ఇక ఆ మీటరు పనికిరాదు. మిగిలిన తీగను అరచేయంత చుట్టగా చుట్టి కట్టండి. సెట్టులో సాధారణంగా 6 అడుగులే ఉంటుంది. డోజరులో సీటు దగ్గర్నుంచి ఇంజిన్ హెడ్డు దాకా ముందే కొలవండి, చాలకపోతే 12 అడుగులది విడిగా అడగండి. పాత బల్బు తుప్పుతో పట్టుకుపోయి ఉంటే నీళ్లు దించి, అడాప్టరుతో సహా విప్పాలి. తీగ పట్టి లాగితే బల్బు లోపలే తెగిపోతుంది.

ఆంపియర్ మీటరు 30-0-30 ది (రెండు వైపులా 30 ఆంపియర్ల దాకా చూపేది) పాత డైనమోకు సరిపోతుంది. ఆల్టర్నేటర్ వేసిన బండిలో వద్దు. అంతకంటే ఎక్కువగా వచ్చే ఛార్జింగు మొత్తం దానిగుండానే పోతుంది కాబట్టి వెనక బోల్టులు కాలిపోతాయి. దాని బదులు వోల్టుమీటరు వేయండి. ఇంజిన్ ఆపి హెడ్‌లైట్లు వేసినప్పుడు ఆంపియర్ మీటరు ముల్లు ప్లస్ వైపు కదిలితే దాని రెండు వైర్లు అటూఇటూ మార్చండి. మీటరు లోపలి లైటు వెలగకపోతే పెయింటు వల్ల ఎర్త్ అందలేదని అర్థం, ప్లేటు వెనక గీకండి.

హైడ్రాలిక్ ప్రెషరు చూడడానికి మాత్రం ఈ మీటరును గానీ, ఈ పైపును గానీ కలపకండి. అక్కడ ఒత్తిడి వంద కిలోలు దాటుతుంది.

మొదటి స్టార్టులో మీటరు వైపు నట్టు కొద్దిగా వదులుగా ఉంచి, ఆయిల్ బొట్టు కనబడగానే బిగించండి. గాలి మిగిలినా రీడింగు తప్పు రాదు, ముల్లు మాత్రం ఆలస్యంగా లేస్తుంది. ఒక రోజు పని చేయించాక, ఇంజిన్ ఆపి చల్లారనిచ్చి, రెండు చివర్లనూ కాగితంతో తుడిచి చూడండి. తడి కనిపిస్తే పావు చుట్టు బిగిస్తే సరి.