సాల్వర్ నడుస్తుండగానే చూడాలా, అంతా దాచి తరువాత చూడాలా: ఏది మేలు?

గాలి, నీరు వంటివాటి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే ప్రోగ్రామును సాల్వర్ అంటారు. దాని ఫలితాలను బొమ్మలుగా ఎప్పుడు చూడాలన్నదే ఇక్కడి ప్రశ్న. సెకనుకు 10 మీటర్ల వేగంతో వీచే గాలికి అడ్డంగా 10 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టాన్ని నిలబెడితే, దాని వెనుక ఒకసారి ఈ పక్క నుంచి, మరొకసారి ఆ పక్క నుంచి సుడులు విడివడుతూ ఉంటాయి. ఈ పరిస్థితిలో స్ట్రౌహల్ సంఖ్య (సెకనుకు పడే చక్రాలను వ్యాసంతో గుణించి, గాలి వేగంతో భాగిస్తే వచ్చేది) సుమారు 0.2 కాబట్టి, ఆ చక్రం సెకనుకు దాదాపు 20 సార్లు, అంటే ఒక్కొక్కటి 0.05 సెకన్లలో పూర్తవుతుంది. టైమ్ స్టెప్, అంటే సాల్వర్ లెక్కను ఒక్కో అడుగులో ముందుకు జరిపే కాలం, 0.0005 సెకన్లయితే ఒక చక్రానికి 100 స్టెప్పులు పడతాయి. ఈ లెక్క వేసుకోకుండా, గుర్తుండే అంకె కదా అని నేను ఒకసారి ప్రతి 100వ స్టెప్పుకు ఒక ఫైలు రాయించాను. మర్నాడు తెరిచి ఎన్ని ఫ్రేములు జరిపినా పెద్ద సుడుల అమరిక దాదాపు ఉన్నచోటనే ఉంది. ప్రవాహం స్థిరపడిందని నమ్మి నివేదికలో రాయబోయేంతలో, బలాల గ్రాఫులో లిఫ్ట్ (గాలి దిశకు అడ్డంగా గొట్టం మీద పడే బలం) పైకీ కిందికీ ఊగుతుండడం కంటపడి ఆగిపోయాను. ప్రతి 90వ స్టెప్పును దాచి ఉంటే ఇంకా ఘోరంగా ఉండేది. పాత చిత్రాల్లో బండిచక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించే తీరులోనే, ఆ సుడులు గాలికి ఎదురు నడిచినట్టు కనిపించేవి.

అలాగని ప్రతి స్టెప్పునూ దాచగలమా అంటే, అదీ కుదరదు. లెక్క కోసం ప్రవాహ ప్రాంతాన్ని చిన్న చిన్న గదులుగా విడగొట్టిన మెష్‌లో 5 కోట్ల సెల్స్, అంటే గదులు, ఉన్నాయనుకుందాం. వేగానికి మూడు విలువలు, పీడనానికి ఒకటి, ఉష్ణోగ్రతకు ఒకటి, మొత్తం ఐదు. ఒక్కో విలువకు 8 బైట్లు చొప్పున ఒక్క టైమ్ స్టెప్పుకే 2 గిగాబైట్లు అవుతుంది. పది వేల స్టెప్పులకు 20 టెరాబైట్లు. డిస్కులో చోటు దొరికినా, అంత డేటాను రాయడానికీ మళ్లీ చదవడానికీ పట్టే సమయం లెక్క కట్టడానికి పట్టే సమయంతో పోటీ పడుతుంది. అంతా దాచి తరువాత చూసే పద్ధతిని సులభతరం చేసే సౌకర్యాలు లేకపోలేదు. ఫలితాలను బొమ్మలుగా చూపే టెక్‌ప్లాట్ 360 సాఫ్ట్‌వేర్ వారి ఎస్‌జెడ్‌ఎల్ ఫైలు, తెర మీద అడిగిన బొమ్మకు కావలసిన భాగాలను మాత్రమే మెమరీలోకి తెస్తుంది కనుక పెద్ద ఫైలు కూడా త్వరగా తెరుచుకుంటుంది. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో పుట్టిన జెడ్‌ఎఫ్‌పీ వంటి కుదింపు పద్ధతులు ఫైలును బాగా చిన్నది చేస్తాయి. అయితే కొంత నష్టంతో కుదించిన వేగం నుంచి సుడితీవ్రత వంటి అవకలనాలను (విలువ చోటును బట్టి మారే రేట్లను) లెక్కిస్తే ఆ నష్టం పెద్దదై కనిపించవచ్చు గనుక, ఎంత లోపాన్ని అనుమతిస్తున్నామో ముందే ఆలోచించుకోవాలి. ఇవన్నీ దాచిన ఫైలుకు చేసే సేవలే తప్ప, రెండు ఫైళ్ల మధ్య జరిగినదాన్ని ఇవేవీ తిరిగి తెచ్చి ఇవ్వలేవు.

రెండో దారి ఇన్ సిటు, అంటే సాల్వర్ మెమరీలో డేటా వేడిగా ఉన్నప్పుడే బొమ్మ గీసేయడం. కిట్‌వేర్ సంస్థా, లాస్ అలమోస్ ప్రయోగశాలా కలిసి 2000లో మొదలుపెట్టిన పారావ్యూ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో దీనికి కాటలిస్ట్ అనే భాగం ఉంది. 2021లో వచ్చిన 5.9 వెర్షన్‌తో దాని అమరిక మారింది, ఆ మార్పు నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. పూర్వం సాల్వర్‌ను పారావ్యూ లైబ్రరీలన్నిటితో ముడిపెట్టి కంపైల్ చేయవలసి వచ్చేది. ఒకటి మారిస్తే రెండోది పాడయ్యేది. ఇప్పుడు సాల్వర్ ఒక చిన్న లైబ్రరీని మాత్రమే పిలిచి, తన డేటాను కండ్యూట్ అనే సామాన్య రూపంలో వివరిస్తే సరిపోతుంది. అసలు గీసే పని ఎవరు చేయాలో నడిపేటప్పుడు ఎంచుకోవచ్చు. అదే వెర్షన్‌లో ఎక్స్‌ట్రాక్టర్లు కూడా వచ్చాయి. తెర మీద ఒక కోతను, అంటే మెష్‌ను ఒక తలంతో కోస్తే కనిపించే ముక్కను, అమర్చుకుని, దాని బొమ్మను గానీ డేటాను గానీ ఇన్ని స్టెప్పులకొకసారి దాచమని చెప్పి, ఆ అమరికను పైథాన్ స్క్రిప్టుగా భద్రపరిస్తే కాటలిస్ట్ దానినే అమలు చేస్తుంది.

ఇందులో ఇబ్బంది ఎక్కడంటే, ముందుగా అడగనిది మనకు దక్కదు. కోతను గొట్టం మధ్యలో పెట్టి, అసలు విశేషం దాని కొస దగ్గర జరిగితే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అవుతుంది. మళ్లీ నడిపిస్తే సరిపోతుందని అనుకోకూడదు. అల్లకల్లోల ప్రవాహంలో ప్రాసెసర్ల సంఖ్య మారినా చాలు, సగటులు సరిపోతాయేమో గాని సరిగ్గా అదే సంఘటన అదే క్షణాన మళ్లీ రాకపోవచ్చు. గీసినంతసేపు సాల్వర్ ఆగుతుంది, దాని మెమరీలో కొంత ఈ పనికే పోతుంది, స్క్రిప్టులో తప్పుంటే రాత్రంతా నడవవలసిన లెక్క మధ్యలోనే కూలిపోవచ్చు. రంగుల సంగతి మరొకటి. ప్రతి స్టెప్పులో ఉన్న కనిష్ఠ గరిష్ఠాలకు రంగుల పరిధి తనంతట తాను సర్దుకునేలా వదిలేస్తే, మొదటి బొమ్మలోని ఎరుపు, నూరో బొమ్మలోని ఎరుపు ఒకే పీడనాన్ని సూచించవు. దాచినది బొమ్మే కాబట్టి తరువాత సరిదిద్దడానికి వీలుండదు. పరిధిని ఒక చిన్న ప్రయోగపు పరుగుతో తేల్చుకుని, స్క్రిప్టులో బిగించి తీరాలి.

లాస్ అలమోస్ బృందం 2014లో ప్రకటించిన సినిమా అనే పద్ధతి (పేరు మన సినిమాయే, పని వేరు) ఈ లోటును కొంత తీరుస్తుంది. ఒకే దృశ్యాన్ని అనేక కోణాల నుంచి, అనేక కోతలతో వందలాది బొమ్మలుగా గీసి పెడితే, తరువాత వాటి మధ్య తిరుగుతూ చూడవచ్చు. రూపం చూపడానికి ఇది బాగుంటుంది. కొత్త రాశిని లెక్కించడానికి పనికిరాదు.

నా తీర్పు ఇది. ప్రవాహం నిలకడగా ఉండి చివరి ఫలితమొక్కటే కావలసిన చోట, లేదా ఒక టైమ్ స్టెప్పు కొద్ది మెగాబైట్లకు మించని చోట, ఇన్ సిటు ప్రయాస అనవసరం. అంతా దాచి తీరిగ్గా చూడటమే మేలు. విద్యార్థులు మొదట నేర్చుకోవలసిందీ అదే, ఎందుకంటే ఏం వెతకాలో తెలియనివారికి వెనక్కి వెళ్లే వీలు ఉండాలి. కాలంతో మారే పెద్ద లెక్కకు మాత్రం నేను ఇన్ సిటు వైపే ఉంటాను, అయితే బొమ్మల కోసం కాదు, కోతల డేటా కోసం. 5 కోట్ల సెల్స్ ఉన్న ఘనం లాంటి మెష్‌ను ఒక తలంతో కోస్తే తగిలేవి సుమారు 1.36 లక్షల సెల్స్. ఐదు విలువలతో అవి 5.4 మెగాబైట్లు. ప్రతి 10వ స్టెప్పుకు దాచినా, పది వేల స్టెప్పులకు విలువల వరకు 5.4 గిగాబైట్లే. ఆ డేటాతో రంగు మార్చుకోవచ్చు, సగటు తీయవచ్చు, చక్రానికి పది ఫ్రేములతో సుడుల నడకను సరైన దిశలో చూడవచ్చు.

వీటికి తోడు గొట్టం వెనుక రెండు మూడు బిందువుల దగ్గర పీడనాన్ని ప్రతి స్టెప్పులోనూ రాయిస్తాను. ఓపెన్‌ఫోమ్ అనే సాల్వర్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి ప్రోబ్స్ అనే ఫంక్షన్ సిద్ధంగా ఉంది, ఖర్చు లేనట్టే, సెకనుకు 20 చక్రాల సంగతి ఆ గీతలోనే బయటపడుతుంది. మొత్తం మెష్‌ను కూడా అప్పుడప్పుడు దాచుకుంటాను, ఊహించనిది ఎదురైతే వెతుక్కోవడానికి. అది 500 స్టెప్పులకొకసారి కాదు, 470కి ఒకసారి. ఆ ఫైళ్లు 21, వాటికి 42 గిగాబైట్లు, వరుసగా వచ్చే ఏ పది ఫైళ్లయినా చక్రంలో పది వేర్వేరు దశల దగ్గర పడతాయి.