జనవరిలో కాశ్మీర్ అంటే మంచేనా? మేం చూసింది ఇదీ

జనవరిలో వెళ్తే ఎటు చూసినా మంచే అని ఆఫీసులో అందరూ ఊదరగొట్టేశారు, సరే అని 2024 జనవరి మొదటి వారంలో హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా శ్రీనగర్‌లో దిగాం. గుల్‌మర్గ్‌కి వెళ్తే ఎండిపోయిన గడ్డి! మావాడైతే "నాన్నా ఇది వికారాబాద్ లాగే ఉంది కదా" అన్నాడు. ఆ ఏడాది జనవరి నెలాఖరు దాకా అక్కడ మంచు ముఖం చాటేసింది. డిసెంబర్ 21 నుంచి 40 రోజుల్ని అక్కడ చిల్లై కలాన్ అంటారు, చలి ముదిరేది అప్పుడే, కానీ చలి వేరు మంచు వేరు, పడమటి నుంచి తేమ మోసుకొచ్చే మబ్బులు రాకపోతే మైనస్ 5 ఉన్నా ఒక్క చుక్క పడదు. మళ్లీ వెళ్తే ఫిబ్రవరిలోనే వెళ్తా, అదీ క్యాన్సిల్ చేసుకునే వీలున్న బుకింగ్‌తోనే.

ఇంకో భ్రమ, చలంతా బయటే ఉంటుందని. పగలు ఎండలో తిరిగితే హాయిగా ఉంది, అసలు కథ రాత్రి రూంలో. దాల్ లేక్‌లో హౌస్‌బోట్ తీసుకున్నాం, చెక్క పని చూస్తే కళ్లు చెదిరిపోతాయి, కానీ బుఖారీ (కట్టెల పొయ్యి లాంటిది) పది గంటలకి ఆరిపోయింది, కరెంట్ పోతే ఎలక్ట్రిక్ దుప్పటీ పనిచేయదు, పొద్దున లేచేసరికి కుళాయిలో నీళ్లు గడ్డకట్టాయి. మర్నాడే ఊళ్లో హమామ్ ఉన్న చిన్న గెస్ట్‌హౌస్‌కి మారిపోయాం. కింద కట్టెలు మండిస్తే పైన నేలరాళ్లు వేడెక్కుతాయి, దాని మీద పరుపు వేసుకుని పడుకుంటే ఇక లేవబుద్ధి కాదు. వ్యూ చూసి కాదండీ, హీటింగ్ ఏంటో అడిగి రూం తీసుకోండి. హౌస్‌బోట్ మోజుంటే ఒక్క రాత్రి చాలు.

హైదరాబాద్‌లోనే వేలు పోసి మంచు బూట్లు కొనక్కర్లేదు, గుల్‌మర్గ్‌కి 13 కిలోమీటర్ల ముందు తంగ్‌మర్గ్‌లో అద్దెకిస్తారు, లోపల తడిగా ఉన్నాయేమో చెయ్యి పెట్టి చూసుకోండి అంతే. గండోలా (గుల్‌మర్గ్‌లోని రోప్‌వే) టికెట్లు మాత్రం ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, గాలి ఎక్కువైతే అఫర్వత్ కొండ పైకెళ్లే రెండో అంచె, అంటే ఫేజ్ 2 ఆపేస్తారు. పహల్గామ్‌లో మనం శ్రీనగర్ నుంచి తీసుకెళ్లిన క్యాబ్ ఆరు వ్యాలీకి, బేతాబ్ వ్యాలీకి రాదు, లోకల్ యూనియన్ బండే ఎక్కాలి, ఆ ఖర్చు మా ప్యాకేజీవాడు చెప్పనేలేదు. మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉన్నవాళ్లని వెంట తీసుకెళ్లండి.

రొట్టెలతో సరిపెట్టుకోవాలేమో అని మా అమ్మ రెండు కేజీల పులిహోర పొడి పెట్టింది. తీరా చూస్తే కాశ్మీరీలూ అన్నం మనుషులే, హాక్ అనే ఆకుకూర పులుసుతో రెండు పూటలా తినేవాళ్లం. పాత శ్రీనగర్‌లో తెల్లారగానే దొరికే హరీసా, చలికాలంలోనే వండే మటన్, మన హలీంకి దగ్గరి చుట్టం. తొమ్మిది దాటి వెళ్తే గిన్నె ఖాళీ, మేం రెండుసార్లు అలాగే తిరిగొచ్చి మూడోరోజు ఏడింటికే వెళ్లి తిన్నాం.